అంగుళాల్లో గీసిన యొర్దాను

చిలకలూరిపేటలో పత్తి మిల్లు పక్కనున్న డీటీపీ షాపులో పనిచేస్తున్న రోజులవి. కీబోర్డు సందుల్లో ఎప్పుడూ దూది ఉండేది. గుంటూరులో మూడు నెలలు కంప్యూటర్ బొమ్మల కోర్సు చేసి వచ్చాను. అక్కణ్ణించి తెచ్చుకున్న జ్ఞానం ఒక్కటే: బొమ్మకు రిజల్యూషన్ మూడు వందలు, అంటే అంగుళానికి మూడు వందల చుక్కలు ఉండాలి. అంతకు తగ్గించేవాళ్ళకు పని రాదు.

ఒకరోజు మా చర్చిలో సండేస్కూలు నడిపే టీచరుగారు వచ్చారు. బాప్తిస్మపు తొట్టి వెనక గోడకు యొర్దాను నది ఫ్లెక్సీ కావాలన్నారు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు.

"ఫ్లెక్సీకి డెబ్బై రెండు చాలమ్మా," అన్నాడు షాపు ఓనరు.

"క్వాలిటీ పోతుంది సార్," అన్నాను, ఆయన మీద జాలిపడుతూ.

మూడు వందలే పెట్టాను. ఆకాశంలో ఒక గీత గీస్తే, అది తెరమీదికి వచ్చేలోగా టీ తాగి గ్లాసు కడిగి రావచ్చు. మూడు రోజులకు ఒక మేఘం పూర్తయింది. నాలుగో రోజు సేవ్ చేయబోతే డిస్కులో చోటు లేదంది. ఆ మేఘమూ పోయింది.

ఆదివారం దగ్గరపడుతోంది. ఓనరు బయటికి వెళ్ళాక గుట్టుగా డెబ్బై రెండుతో కొత్త కాన్వాసు తెరిచాను. కంగారులో అడుగులకు బదులు అంగుళాలు కొట్టాను. కంప్యూటర్ పరుగులు పెట్టింది. నది, రెల్లు పొదలు, పావురం అన్నీ మధ్యాహ్నానికి అయిపోయాయి. నా చెయ్యి తిరిగిందనుకున్నాను. గుంటూరులో ప్రింటు వేసేవాళ్ళు ఏమీ అడక్కుండా దాన్ని అడుగుల్లోకి సాగదీసి పంపారు.

విప్పి చూసిన టీచరుగారు నీళ్ళ మీద వేలు పెట్టారు. "ఇదేంటమ్మాయ్, నదికి టైల్సు వేశావు?"

అన్నీ కందిగింజంత గళ్ళు. పావురానికి కన్నేదో ముక్కేదో తెలియదు. మళ్ళీ చేస్తానన్నాను. టైము లేదని అదే కట్టించారు.

ఆదివారం సిగ్గుతో వెనక వరుసలో కూర్చున్నాను. ముందు తొట్టి నిండా నీళ్ళు ఉండటంతో బొమ్మ దగ్గరికి ఎవరూ వెళ్ళలేరు. అంత దూరం నుంచి గళ్ళన్నీ కలిసిపోయి నది మెరుస్తోంది.

"నీళ్ళు కదులుతున్నట్టే ఉన్నాయే!" అంది నా పక్కనున్నావిడ. నేను వినయంగా తల వంచుకున్నాను.

నెల తిరక్కుండా పక్క ఊరి చర్చి పెద్దాయన అదే నది కావాలని వచ్చాడు. ఈసారి ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని, అడుగుల్లోనే చేశాను. ఒక్క గడి కూడా కనిపించలేదు. పెద్దాయన దాన్ని గోడకు ఆనించి, వెనక్కి నడిచి చాలాసేపు చూశాడు.

"బాగానే ఉంది గానీ, మీ చర్చిలో దానిలా మెరవట్లేదమ్మా. దానికేం చేశావు?"