మేకుకు వేలాడిన భుజం పట్టీ

ప్రత్తిపాడులో జాన్ బాషాది స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు. మిరప తోటలకు మందు కొట్టే ట్యాంకులను రైతులు వీపున మోసుకొచ్చి అక్కడే దింపుతారు. ముప్పై ఏళ్లుగా వాషర్లు మారుస్తూ, నాజిళ్లు కడుగుతూ ఉన్నాడు. చేతులు ఎప్పుడూ పురుగుమందు వాసనే. పదో తరగతి తప్పాడు. ఆ సంగతి నేను పనిగట్టుకుని చెప్పడానికి కారణముంది. అతణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండేది.

నేను హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. రెండో ప్రపంచ యుద్ధంలో మన సిపాయిలు కట్టుకున్న మందపాటి నూలు పట్టీలు, నడికట్లు, తూటా సంచులు సేకరించడం నా పిచ్చి. లోపలి వైపు వెలిసిపోయిన సిరా ముద్రను, అంటే సైన్యం వేసే బాణం గుర్తునూ పక్కనున్న అక్షరాలనూ, భూతద్దంతో చదివి ఏ ఏడాది, ఏ దేశంలో తయారైందో చెబుతాను. అందుకోసం పుస్తకాలు తెప్పించుకున్నాను. పొన్నూరు నుంచి చిలకలూరిపేట దాకా పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. పదేళ్లకు నాకు దొరికినవి పద్నాలుగు.

బాషాకేమో కూర్చున్న చోటికే వచ్చిపడేవి. యుద్ధం నుంచి తాతలు తెచ్చిన భుజం పట్టీలను మనవలు స్ప్రేయర్లకు తగిలించుకున్నారు. మధ్యలో వెడల్పు కాబట్టి ఎంత బరువైనా భుజం కోసుకుపోదు. ట్యాంకు మారినప్పుడు బాషా కొత్త నైలాన్ పట్టీ వేసి, పాతది మేకుకు తగిలిస్తాడు. ముద్ర చదవడం నా దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత అదీ మానేశాడు. వేలితో తడిమి, "ఇది మన దేశంలో నేసిందండి మాస్టారూ" అనేవాడు. భూతద్దం పెట్టి చూస్తే నిజమే అయ్యేది. భూతద్దం జేబులో వేసుకుని విసురుగా వచ్చేసేవాణ్ణి.

నా దగ్గర 1942 నాటి భుజం పట్టీ ఒకటుంది. దాని మధ్యలో చిన్న నాడా ఉంగరంలా కుట్టి ఉంటుంది. జతలో రెండోది అందులోంచి దూరి వీపు మీద అడ్డంగా పోవాలి. ఆ రెండోది నాకెక్కడా దొరకలేదు.

పోయిన కార్తీకంలో బాషా దాన్ని నా చేతిలో పెట్టాడు. అదే బాణం గుర్తు, అవే అక్షరాలు, అదే ఏడాది. కొసలకున్న ఇత్తడి మొనలు రెండూ చెక్కుచెదరలేదు. అడిగితే ఇచ్చేవాడేమో. కానీ బాషాని నేను అడగడమా?

"ఇది యుద్ధం నాటిది కాదు బాషా. సినిమా వాళ్ల కోసం ఈమధ్య చేసిన నకలు" అన్నాను. పక్కన పడేస్తాడు, ఏదో వంకతో తెచ్చుకోవచ్చనుకున్నాను.

అతను మళ్లీ వేలితో తడిమాడు. "నాకు అసలుదే అనిపించిందండి. మీరు కాదంటే కాదు లెండి" అంటూ మేకుకు తగిలించాడు.

నాలుగు రోజులాగి వెళ్లాను. మేకు ఖాళీ. బసవమ్మ అనే రైతు ట్యాంకు బల్ల మీద ఉంది. దాని నైలాన్ పట్టీల కింద, భుజం నొక్కుకోకుండా, మందపాటి నూలు ముక్కలు కుట్టి ఉన్నాయి. ఒక ముక్క మీద బాణం గుర్తు సగానికి తెగి ఉంది.

"ఎందుకు కోశావయ్యా!" అని అరిచాను.

"నకలేగా మాస్టారూ. ముద్ర నేర్పేటప్పుడు మీరు చూపించిన ఒంటి పట్టీకి జత అని ఆర్నెల్లు ఒక ఆసామి వెంటపడి తెచ్చానండి. మీకిద్దామనే చూపించా. అసలుది కానిది మీకెట్టా ఇస్తాను?" అంటూ నాకు కుర్చీ జరిపాడు. "ఈసారి అసలుదే పట్టుకొస్తాలెండి."

చెప్పేద్దామని నోరు తెరిచాను. అతను జరిపిన కుర్చీలో కూర్చున్నాను. ఇప్పటికీ చెప్పలేదు. అతను ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.