కాలిన ఆముదం వాసన

మొన్న చిట్యాల దగ్గర పెద్దరోడ్డు పక్కన టీ తాగుతుంటే పాత టూ స్ట్రోక్ బండి ఒకటి నీలం పొగ వదులుకుంటూ పోయింది. ఆ పొగలో కాలిన ఆముదం వాసన. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కోస్గి వైపు ఆముదపు చేలలో పెరిగినదాన్ని, ఆ వాసన నాకేం కొత్త? అయినా అది తగిలినప్పుడల్లా నాకు మా చేను గుర్తుకు రాదు, జాంగీర్ ఉస్తాద్ గుర్తుకొస్తాడు.

నల్లగొండలో ఆయనకు మోటారు సైకిళ్ల మరమ్మతు షెడ్డు ఉండేది. నేను పనిచేసే మిల్లు మూతపడ్డాక, విడిభాగాల కౌంటరు దగ్గర కూర్చునే పనికి చేరాను. కూర్చోనిస్తేగా! వారం తిరగకుండానే కార్బొరేటర్ ఒకటి తెచ్చి నా ముందు పడేశాడు. "ఆడిదాన్ని, నాకేమొస్తది ఉస్తాద్?" అన్నాను. "గా సంగతి బండికి ఎరుకనా బిడ్డా?" అన్నాడు. ఆ రోజు నుంచే పని నేర్చుకున్నాను.

షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఆయన సొంత బండి ఉండేది. మట్టి దిబ్బల మీద ఎగిరించే పాత పందెం బండి. వయసులో ఉండగా దాని మీద పందేలు గెలిచాడట, కాలు విరిగాక పక్కన పెట్టాడు. అలాంటి బండికి పెట్రోలులో నూనె కలిపి పోయాలి. నూనె లేకపోతే ఇంజిన్ వేడెక్కి, లోపల బిగుసుకుని పట్టేస్తుంది. ఆయన కలిపేది ఆముదంతో చేసిన పందెం నూనె. షెడ్డులో ఒకే తీరు డబ్బాలు రెండు ఉండేవి, ఒకదాంట్లో నూనె కలిపినది, ఇంకోదాంట్లో ఉత్త పెట్రోలు. ఒకదానికి ఎర్రరంగు వేద్దామంటే, "ముక్కెందుకిచ్చిండు అల్లా?" అనేవాడు. మూత తీసి వాసన చూసి ఏది ఏదో చెప్పేవాడు. ఒక్కనాడూ తప్పలేదు.

కరోనా తర్వాత గిరాకీ పడిపోయింది. కొత్త బండ్లన్నీ కంప్యూటర్‌తో నడిచేవి, వాటి రోగం కనిపెట్టే మిషన్ మా దగ్గర లేదు. షెడ్డుకు తాళం పడుతుందని నాకు రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు. ఒకరోజు ఉస్తాద్ టార్పాలిన్ లాగేశాడు.

"దీన్ని అమ్మి మిషన్ తెద్దాం."

"పానం లెక్క చూసుకున్న బండి ఉస్తాద్!"

"నా పానం నాతోనే పోతది. షెడ్డు నీకుండాలె గదా."

ఆ ఎండాకాలమంతా దాంతోనే గడిచింది. తుప్పు గీకాం, కొత్త పిస్టన్ వేశాం, సీటు కుట్టించాం. మహబూబ్‌నగర్ నుంచి కుర్రాళ్లకు పందేలు నేర్పే ఆయనొకడు కొనడానికి వచ్చాడు. ఉస్తాదే ట్యాంకు నింపి, షెడ్డు వెనక బీడులో తనే నడిపి చూపించాడు. ఆ కుంటికాలు మనిషి బండెక్కగానే పడుచువాడైపోయాడు! కొన్ని చుట్లు తిరిగాడో లేదో, ఇంజిన్ కీచుమని పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి దుమ్ములో పడ్డాడు. నేను ఉరికి వెళ్లి ట్యాంకు మూత తీసి వాసన చూశాను. ఉత్త పెట్రోలు. వచ్చినాయన ఉస్తాద్‌ను లేపి కూర్చోబెట్టి, బండి కొనకుండానే వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏంది ఉస్తాద్ గిది? వాసన చూడకుండనే పోసినవా?"

ఆయన మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. "చూసిన బిడ్డా. ఏం రాలే."

అప్పుడు చెప్పాడు. కరోనా వచ్చిపోయినప్పటి నుంచి ఆయనకు ఏ వాసనా తెలియడం లేదు. అత్తరు లేదు, బిర్యానీ లేదు, పెట్రోలు లేదు. "ముక్కు పోయిన ఉస్తాద్ దగ్గరికి ఎవరొస్తరని దాచిన," అన్నాడు. నా కోపం నీరైపోయింది. పక్కన కూలబడి ఏడ్చేశాను.

మర్నాడు పొద్దున ఆయన డబ్బాల దగ్గర నిలబడి ఉన్నాడు. రంగు వేస్తాడనుకున్నాను. మూత తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"ఏమొస్తాంది? గట్టిగ చెప్పు."

"ఆముదం."

"గిందులో?"

"ఉత్త పెట్రోలు."

ఆనాటి నుంచి రోజూ అదే పని. మళ్లీ పిస్టన్ మార్చాం. మహబూబ్‌నగర్ ఆయనకు ఉస్తాదే ఫోన్ చేసి, "తప్పు బండిది కాదు భాయ్, నాది," అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి నేను వాసన చూసి, పైకి చెప్పి, ట్యాంకు నింపాను. బండి పోతుంటే ఉస్తాద్ దాని పొగలోనే నిలబడ్డాడు. "ఎట్లుంది వాసన?" అని అడిగాడు. "మస్తుంది ఉస్తాద్," అన్నాను.

బండి అమ్మిన డబ్బుతో మిషన్ వచ్చింది, షెడ్డు నిలబడింది. ఆయన మాత్రం ఎక్కువ కాలం ఉండలేదు. దవాఖానలో చివరిసారి చూడబోతే, నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏమొస్తాంది బిడ్డా?" లోపలికి వచ్చేముందే సబ్బుతో కడుక్కున్న చెయ్యి అది. "ఆముదం," అన్నాను. ఆయన కళ్లు మూసుకుని నవ్వాడు.

ఇప్పుడు బండి రోగమేదో మిషనే చూపిస్తుంది, పెట్రోలులో నూనె కలిపే పనే లేదు. అయినా ఏ బండి వచ్చినా ముందు ట్యాంకు మూత తీసి, వచ్చిన వాసనేదో పైకి గట్టిగా చెబుతాను. పనివాళ్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నేను చెప్పకపోతే ఆయనకెట్లా తెలుస్తుంది?