మామ తలలో ఇరుక్కున్న మిషను

కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లాం ఒకే ఏడాదిలో వచ్చిన మగవాడికి తనకు చేతకాని పని లోకంలో ఏదీ లేదనిపిస్తుంది. డెబ్బైలు దాటి ఎనభైలు మొదలైన ఆ కాలంలో నేను అచ్చంగా అట్లాంటి మగవాణ్ణే. కుప్పం బడిలో అయ్యవారి ఉద్యోగం. ఆదివారం పూట సెలూన్లో నా వంతు కోసం బెంచీ మీద కూర్చోవడం నామోషీ అనిపించి, క్రాపు కొట్టే చేతిమిషను ఒకటి కొందామని రైలెక్కి బెంగుళూరు పోయాను. అంగడాయన రెండు మిషన్లు ముందర పెట్టాడు. ఒకటి బరువుగా, మసకగా ఉంది. ఇంకొకటి తేలిగ్గా, తళతళా మెరుస్తోంది. “బరువుదే తీసుకోండి సార్, వెంట్రుక పీకదు” అన్నాడాయన. నేను మెరిసేదే తీసుకున్నాను. (పెళ్లికూతుర్ని చూసుకునేటప్పుడు మాత్రం ఇంత తొందరపడలేదని మా ఆవిడకు మనవి.) కుప్పం వచ్చి ఇద్దరు తోటి అయ్యవార్లకు క్రాపు కొట్టాను. బాగుందనే అన్నారు గానీ, రెండోసారి ఇద్దరిలో ఒక్కరూ రాలేదు. తర్వాత మిషనును సబ్బునీళ్లలో కడిగి, కొబ్బరినూనె దట్టంగా పట్టించి, ట్రంకుపెట్టెలో భద్రంగా దాచాను.

ఆ చలికాలం పుంగనూరుకు, అత్తవారింటికి పోయాం. మరునాడు మదనపల్లెలో మామ తమ్ముడి కూతురికి తాంబూలాలు. ఇంటికి పెద్దగా నలుగురిలో కూర్చుని మాట్లాడాల్సింది మామే. ఆయనంటే నాకు చెప్పలేనంత భయం. పెళ్లయిన ఆరు నెలల్లో నాతో ఆయన అన్నవి రెండే మాటలు: “వస్తివా”, “తింటివా”. ఆయనకు ఎప్పుడూ క్రాపు కొట్టే తాత ఆ రోజు పెద్దపంజాణిలో కూతురింటికి పోయాడట, సాయంత్రానికి గానీ రాడట. మామ మెడ తడుముకుంటూ వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే నేను ఊరుకోవచ్చు కదా! “మిషను నా దగ్గర ఉండాది మామా” అన్నాను. (గొప్ప చూపించుకోవడానికే సంచిలో వేసుకొచ్చాను. మా ఆవిడ వెనకనుంచి కళ్లతో వద్దంటూనే ఉంది.) మామ నన్ను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, తువ్వాలు కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

మెడ దగ్గర రెండు వరసలు బాగానే పోయింది. మూడో వరసలో పట్టేసింది. పిడి నొక్కితే కదలదు, లాగితే మామ తల వెంట వస్తోంది.

“ఏందప్పా, ఆపితివే?”

“ఇరుక్కునింది మామా.”

“ఏది?”

“మిషను. మీ తలలో.”

అత్త వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. లోపల గిన్నెలు దొర్లిన చప్పుడు, నవ్వు కలిసి వినిపించాయి. మా ఆవిడ కత్తెర తెచ్చింది. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. “దాన్ని దూరం పెట్టు తల్లీ. రేపు నలుగురిలో కూసోవాల్సినోణ్ణి, ఎనక బొక్క పడితే ఏం సెప్పుకోను? తాత వచ్చేదాకా ఇట్లే ఉంటా” అని తువ్వాలును మిషను మీదుగా తలపాగా చుట్టేశాడు. అంతలో పక్కింటాయన వచ్చాడు.

“యాలప్పా, ఇంట్లోనే తలపాగా?”

“సలి.”

“ఎనక ఏందో పొడుసుకోనుండాది?”

“అదీ సలికే.”

నేను స్తంభం చాటున నిలబడి, కుప్పం బస్సు ఎన్నింటికి ఉందా అని ఆలోచిస్తున్నాను.

పొద్దుగూకే వేళకు తాత వచ్చాడు. మిషను మర విప్పి, వెంట్రుకలను నాలుగైదేసి చొప్పున విడదీసి, మామకు నొప్పి తెలియకుండా ఊడదీశాడు. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, “కొబ్బరినూనె పూసినారా అయ్యోరూ?” అన్నాడు. తలూపాను. “అది తలకు సామీ, ఇనుముకు కాదు. సలికి గడ్డకట్టి మిషను పండ్లను కదలనీకుండా సేసింది. నీళ్లల్లో కడగొద్దు. వెంట్రుకలు బ్రష్షుతో దులిపి, కుట్టుమిషను నూనె ఒక్క సుక్క ఏసి, పదిసార్లు ఉత్తగా ఆడించి, పొడిగుడ్డలో సుట్టిపెట్టు. నొక్కుతా నొక్కుతానే తల మీదినుంచి తియ్యాల. నొక్కేది నిలిపి లాగితే ఎవురి తలైనా పీకుతాది.” ఒక్క మాట కూడా ఎగతాళిగా అనలేదు ఆ మహానుభావుడు. అయితే నేను చేసిన ఘనకార్యాన్ని సరిచేయడానికి జుట్టు మొత్తం పొట్టిగా కత్తిరించక తప్పలేదు.

మదనపల్లెలో తాంబూలాలు మార్చుకున్నాక పెళ్లికొడుకు వైపు పెద్దాయన అడగనే అడిగాడు. “ఏం బావా, క్రాపు ఇట్లయ్యిందే?” మామ తల నిమురుకుని, “మా అల్లుడు కొట్టినాడు. పక్కన నిలబడి మామకు క్రాపు కొట్టే అల్లుడు మీలో ఎవురికన్నా ఉండాడా?” అన్నాడు. చాపల మీద కూర్చున్న వాళ్లంతా తిరిగి నావైపు చూశారు. అది గౌరవమేనని తెలుసుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

నెల తిరిగేసరికి మామ కుప్పం వచ్చాడు. కాళ్లు కడుక్కుని, తువ్వాలు కప్పుకుని కూర్చుని, “తాత సెప్పిన నూనె ఏసినావా?” అన్నాడు. వేశానన్నాను. “అట్లయితే కొట్టు.” కొట్టాను. బతికినన్నాళ్లూ ఆయన తల నా చేతిలోనే పెట్టాడు. ఆ అరగంటల్లోనే ఆయన కష్టాలు, పంటలు, చిన్నప్పటి అల్లరి అన్నీ నాకు చెప్పాడు. తండ్రి లేని నాకు తండ్రి దొరికింది ఆ స్టూలు దగ్గరే.

మొన్న మా అల్లుడు ఛార్జింగు ట్రిమ్మరు ఒకటి కొనుక్కొచ్చి, “మామా, మీ గడ్డం నేను సరిచేస్తాను, కూర్చోండి” అన్నాడు. పిల్లవాడు ఎంత ముచ్చటగా అడిగాడో! నేను మాత్రం గడ్డం గట్టిగా పట్టుకుని, సెలూన్లో పనుందని చెప్పి, చెప్పులు వేసుకుని బయటపడ్డాను. మా మామకున్నంత గుండె నాకు ఈ వయసులో కూడా రాలేదు.