జెట్ విమానానికి నిమ్మకాయల కాటా

మొన్న ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం నిలబడి ఉంటే, పైన ఎక్కడో చిన్న జెట్ విమానం పోతున్న చప్పుడు వినబడి, చేతిలోని సోడా సంగతి కూడా మరిచిపోయి తలెత్తి చూశాను. పక్కనున్న పిల్లలెవరూ ఫోన్లలోంచి తల ఎత్తలేదు. నాకు మాత్రం పాతికేళ్లు దాటిపోయిన భయం మళ్లీ గుర్తొచ్చింది. నవ్వకండి, మన వయసువాళ్లతో చెప్పుకుంటే తప్పేముంది, ఈ మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగిన నేను ఒకప్పుడు ఒక కంపెనీకి ఏ జెట్ కొనాలో రాసిచ్చిన దాన్ని.

మా నాయన ఉదయగిరిలో లెక్కల మాస్టారు. ఆయన పుణ్యమా అని లెక్కల్లో డిగ్రీ చేసి, తొంభైలలో మద్రాసులో ఒక గ్రానైటు కంపెనీవారి విమానాల విభాగంలో చేరాను. విభాగమంటే ఏమేమో ఊహించుకునేరు; వాయుసేన నుంచి రిటైరైన కెప్టెన్, ఆయన కింద ఇంకో పైలట్, బరువులూ ఇంధనమూ లెక్కగట్టే నేను, అంతే. మా యజమానిది ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఒక పల్లె. అక్కడ తన చేలోనే రన్‌వే వేయించుకుని, తనను తల్లిలా పెంచిన అక్కను చూడటానికి నెలకోసారి పాత ప్రొపెల్లర్ విమానంలో పోయేవారు. దాన్ని తీసేసి చిన్న జెట్ కొనాలని ఆయనకు కోరిక పుట్టింది. చివరికి రెండు మిగిలాయి. ఒకటి మహా వేగం, లోపల విశాలం, కానీ లేవడానికి పొడవాటి రన్‌వే కావాలి. రెండోది ఇరుకు, నిదానం, అయితే కొద్ది దూరంలోనే లేస్తుంది. ఆయన మనసంతా మొదటిదాని మీదే.

రెండింటినీ పోల్చి నోటు రాసే పని నా మీద పడింది. సామాను అనే గడిలో, విమానం తయారుచేసినవాళ్ల పుస్తకంలో ఉన్నట్టే మనిషికో చేతిసంచి చొప్పున వేసేశాను. అయ్యో, మా వైపు అయినవాళ్ల ఇంటి నుంచి ఎవరైనా చేతిసంచితో తిరిగొస్తారా? ఆ మాట నాకు తెలియక కాదు, అంత నాజూకైన ఇంగ్లీషు నోటులో బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు అని రాయడానికి సిగ్గేసింది. ఆ లెక్క ప్రకారం మొదటి జెట్ మా రన్‌వేకి బొటాబొటిగా సరిపోయింది. యజమాని మొహం వెలిగిపోయి, సోమవారమే సంతకాలన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

ఆ ఆదివారం పల్లెకు పోతూ నన్నూ వెంటబెట్టుకుపోయారు. మే నెల, మిట్టమధ్యాహ్నం, తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటే అక్కగారి ట్రాక్టరు వచ్చి ఆగింది. అందులో నాలుగు నిమ్మకాయల బస్తాలు, రెండు బియ్యం మూటలు, జాడీలు, మద్రాసులో ఇరుగుపొరుగుకు పంచమని ఉదయగిరి కొయ్య గరిటెల కట్ట. పాత విమానం మొండిది, ఎట్లాగో మోస్తుంది. కానీ రన్‌వే చివర రాతి గోడ, గోడ అవతల బస్సులు తిరిగే రోడ్డు. ఎండ ముదిరితే ఏ విమానమైనా లేవడానికి ఇంకాస్త దూరం పరుగెత్తాల్సిందే. ఈ మూటలతో ఆ కొత్త జెట్ ఏమవుతుందో తలుచుకునేసరికి ఇక ఆగలేకపోయాను. నేను రాసిన నోటు తప్పని యజమానితో చెప్పేశాను.

“ఏందమ్మా, అంతా ఖాయమైనాక ఇప్పుడా చెప్పేది?” అని ఆయన అరిచిన అరుపుకు నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అక్కగారు కొంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది.

“ఆ పిల్ల మీద ఎందుకురా అరిచేది? తోటలో కాటా ఉండాది, తూకం వేస్తే పోలా?”

నిమ్మకాయలు తూచే ఆ కాటా ట్రాక్టరు మీద వచ్చింది. పైలట్లనూ నన్నూ మూటలనూ తూచారు, యజమాని మాత్రం వెనకాడుతుంటే, “ఎక్కరా, నీ పొట్ట నాకు తెలీందా!” అని ఆమే నెట్టింది. అంత భయంలోనూ కెప్టెన్ నవ్వు ఆపుకోలేకపోయారు. ట్రాక్టరు బానెట్ మీద కాగితం పరిచి కూడితే, మొదటి జెట్ నేల విడిచే చోటు గోడ దాటి రోడ్డు మీద తేలింది. ఆ చోటు వేలితో చూపిస్తుండగానే అక్కడ ఆత్మకూరు బస్సొకటి నిండా జనంతో పోతోంది. యజమాని దానివంక చూసి, రెండోదే తీసుకుందామన్నారు.

రెండోదే కొన్నాం. అందులో సామాను అర చిన్నది కాబట్టి మనిషికో చేతిసంచికి మించి ఎక్కించకూడదని షరతు రాశాను. ఈసారి సిగ్గుపడలేదు, భయంతోనే రాశాను. ఆ జెట్‌లో పోయిన మొదటిసారే అక్కగారి మూటలన్నీ తిరిగి ట్రాక్టరెక్కాయి. ఆ తర్వాత ఆమె రన్‌వే దగ్గరికి రావడమే మానేసింది. నేను వాళ్లింటికి పోయి ఎందుకమ్మా అని అడిగితే, “వొట్టి చేతులతో వచ్చి ఏం సాగనంపేదమ్మాయ్?” అంది. కోప్పడినా బాగుండేది.

ఆ జెట్ ఉన్నన్నాళ్లూ ఎవరికీ చిన్న దెబ్బయినా తగల్లేదు, అందుకు నాకు విచారం లేదు. ఇప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టాలకు పోయేటప్పుడు ఏదైనా కట్టివ్వబోతే, అక్కడ అన్నీ దొరుకుతాయిలే, ఎందుకు మోయడం అంటారు. వాళ్ల కార్లలో బోలెడంత చోటుంటుంది. పొట్లం చేత్తో పట్టుకుని గుమ్మంలో అట్లాగే నిలబడిపోతాను, ఆ రోజు అక్కగారికి ఎంత కష్టం కలిగిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.