బైబిలమ్మ దాటవేసిన అధ్యాయం

మీ ప్రాణం దక్కినందుకు మీ కూతుర్ని ఇచ్చేసే హక్కు మీకుందా? లేదని మీరు వెంటనే అంటారు. జీవరత్నాన్ని అడిగి ఉంటే, ఉందని, అందుకు వాక్యంలోనే ఆధారముందని నిదానంగా నచ్చజెప్పి ఉండేది. మీరు ఒప్పుకునేవారు కూడా. ఆమె కూర్చుని చదివి చెబితే ఒప్పుకోని ఆడమనిషి జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఆ సంఘంలో ఒక్కతె కూడా లేదు.

చెవిటికల్లు మిరపచేలలో కూలికెళ్ళే తల్లికి పుట్టి, మిషను హాస్టల్లో ఎనిమిది వరకు చదివి, ఇరవై ఆరో ఏట సున్నపురాయి క్వారీలో భర్తను పోగొట్టుకున్న జీవరత్నానికి సంఘం ఒక సంచీ, ఒక గొడుగు, బైబిలు స్త్రీ అనే ఉద్యోగం ఇచ్చింది. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం ఆ పని. ముప్పై అయిదేళ్ళు అదే చేసింది. పేరుతో పిలిచేవాళ్ళు తగ్గిపోయి పెద్దలకు బైబిలమ్మగా, పిల్లలకు అమ్మమ్మగా మిగిలింది.

పాత నిబంధన చదివే పద్ధతి ఆమెది ఒకటే. కథ పూర్తికాగానే పుస్తకం మీద అరచెయ్యి ఆనించి, "ఇందులో క్రీస్తు ఎక్కడున్నాడమ్మా?" అని అడిగేది. ఇస్సాకు మోసిన కట్టెలు సిలువ. యోసేపును తోసిన గొయ్యి సమాధి. రాహాబు కిటికీకి కట్టిన ఎర్రని తాడు రక్తం. ఆడవాళ్ళు బడిపిల్లల్లా జవాబులు చెప్పేవారు. "మరి మాటలాడిన బిలాము గాడిద ఎవరమ్మగారూ?" అని ఒకామె అడిగితే, "నీ మొగుడే, పో" అని నవ్వించేది. పాత కథల్లోని మనుషులంతా రాబోయేవాడి నీడలు. నీడలకు ఆకలుంటుందని, గొంతుంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

రెండో వేవ్ కోవిడ్‌లో నందిగామ టిప్పర్ డ్రైవరు ఫ్రాన్సిస్ పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి మొక్కుకున్నాడు. నడిచి ఇంటికొస్తే తన ఒక్కగానొక్క కూతురు జాయిస్‌ను దేవుని సేవకు ఇచ్చేస్తానన్నాడు. నడిచే వచ్చాడు. జాయిస్ అప్పటికి నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. సేవంటే ఏమిటో సంఘం పాస్టర్ బెన్ని తేల్చిచెప్పాడు: పెళ్ళి లేదు, చదువు లేదు, ప్రార్థనా మందిరంలో కాపురం, పాటలు, వంట, ఊడ్పు. పిల్ల ఒప్పుకోలేదు. బెన్ని ఆమెతో వాదించకుండా బైబిలమ్మను పంపాడు.

జీవరత్నం యెఫ్తా కథ చదివింది. యుద్ధం గెలిస్తే తన ఇంటి వాకిట ఎదురొచ్చినదాన్ని దహనబలిగా ఇస్తానని ఆ సేనాని మొక్కుకున్నాడు. తంబుర వాయిస్తూ ఎదురొచ్చింది ఒక్కగానొక్క కూతురు. తండ్రి బట్టలు చింపుకున్నాడు, కూతురు తలవంచింది.

"ఇందులో క్రీస్తు ఎక్కడున్నాడమ్మా?"

జవాబు కూడా జీవరత్నమే చెప్పింది.

"ఆ పిల్లే. తండ్రి చిత్తానికి ఎట్టా లోబడిందో చూడు."

"అబ్రాహాము కొడుకు మీద కత్తెత్తితే దేవుడు ఆపాడుగా అమ్మమ్మా. ఈ నాన్ననెందుకు ఆపలా?"

"అది నీడ తల్లీ. నీడలో అన్నీ కనపడవు."

"నీడైతే నొప్పి పుట్టదా?"

"నర్సు చదువులో ఇవే నేర్పారా?" అని జీవరత్నం నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డ ఫ్రాన్సిస్ నవ్వలేదు. "మాటిచ్చానండి. తప్పితే మళ్ళీ ఊపిరి లాగేసుకుంటాడని భయమండి," అన్నాడు. ఆ భయం ముందు జాయిస్ ఓడిపోయింది. నెల తిరక్కముందే మందిరానికి వెళ్ళిపోయింది.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం జాయిస్ బస్సెక్కి జగ్గయ్యపేటలో జీవరత్నం గదికి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా పుస్తకం తెరిచింది. మందిరంలో వంతులవారీగా బైబిలంతా చదవాలనే నియమం ఉండబట్టి, ఎవరూ ఆగని ఒక పుటలో ఆమె ఆగింది.

"దొరికింది అమ్మమ్మా. మొక్కుకున్న మనిషిని వెల కట్టి విడిపించుకోవచ్చంట. ఇరవై దాటిన ఆడమనిషికి ముప్పై తులాల వెండి. బీదోళ్ళయితే యాజకుడే వెల తగ్గించాలంట. యెఫ్తా నాటికే ఇది ఉంది. ఆయనకెవరూ చదివి చెప్పలా, అంతే. నువ్వు నాన్నకి చదివి చెప్పు. నువ్వు చెప్తే వింటాడు."

తొందరపాటున నోరు జారిన తండ్రికి, నోరు విప్పే వీలులేని బిడ్డకు ధర్మశాస్త్రం ముందుగానే తెరిచి ఉంచిన తలుపు అది. జీవరత్నం ఆ అధ్యాయాన్ని ముప్పై అయిదేళ్ళలో ఏ ఇంట్లోనూ చదవలేదు. ఆ లెక్కలన్నీ సిలువతో తీరిపోయాయని నేర్చుకుంది కనుక దాటవేసేది. ఇప్పుడు రెండుసార్లు చదివింది. అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఆమెను క్షమించడం తేలిక. అర్థమయ్యాక కూడా, అలవాటు కొద్దీ, అరచెయ్యి పుస్తకం మీదికి వెళ్ళింది. ఇందులో క్రీస్తు ఎక్కడున్నాడు? జవాబు దానంతట అదే వచ్చింది.

"ముప్పై వెండి అంటే ఏందో తెలుసా నీకు? ప్రభువుని అమ్మిన వెల. శిష్యుడు యూదా పుచ్చుకున్నది. నిన్ను విడిపించుకోమని మీ నాన్నకి చెప్తే, ఆయన్ని ఇంకోసారి అమ్మమన్నట్టే."

జాయిస్ పుస్తకం మూసింది. "అట్టా చూళ్ళేదు అమ్మమ్మా," అంది.

జీవరత్నం ఆమెకు పెరుగన్నం పెట్టి, తానే టిక్కెట్టు తీసి, సాయంత్రం బస్సులో తీసుకెళ్ళి బెన్నికి అప్పగించింది. చిల్లకల్లు దాటాక పిల్ల ఆమె భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.

పారిపోయినదానికి శిక్షను కూడా వాక్యంలోనే వెతికారు. తమ్ముడు మోషే మీద సణిగిన మిర్యామును ఏడు రోజులు గుడారాల పాళెం వెలుపల ఉంచారు. క్రీస్తు వచ్చిన తర్వాతి కృపాకాలంలో బాధ్యత ఎక్కువ కనుక ఏడు రోజులు ఏడు నెలలకు నీడ అన్నాడు బెన్ని. మందిరం వెనక కుర్చీలు, షామియానాలు పెట్టే రేకుల షెడ్డులో జాయిస్ ఉండాలి, ఎవరూ పలకరించకూడదు. మొదట ఆమెన్ అన్న గొంతు ఫ్రాన్సిస్‌ది.

ఆడవాళ్ళు వంతులేసుకుని గడప దగ్గర కారియర్ పెట్టి వచ్చేవారు. ప్రతి గురువారం నందిగామలో స్త్రీల కూడిక ఉంటుంది కాబట్టి ఆ రోజు వంతు జీవరత్నానిది. నాలుగు నెలలు ఆమె కూడా పెట్టి, తల తిప్పుకుని వచ్చింది.

అయిదో నెలలో లోపలి నుంచి మాటలు వినబడి తొంగి చూసింది. జాయిస్ ప్లాస్టిక్ కుర్చీలను వరుసలుగా పేర్చి, వాటి ఎదుట నిలబడి ఉంది. అరచెయ్యి పుస్తకం మీద ఉంది. "ఇందులో క్రీస్తు ఎక్కడున్నాడమ్మా?" అని కుర్చీలను అడిగింది. జవాబు కోసం ఆగింది. కాసేపటికి, చాలా మెచ్చుకోలుగా తలాడించింది.

జీవరత్నం నిషేధం మరిచిపోయింది. "లే తల్లీ, పోదాం. నేను తప్పు చదివా."

జాయిస్ గోడకు జరిగింది. "నన్ను అమ్మొద్దు అమ్మమ్మా," అంది.

ఆ సాయంత్రమే జీవరత్నం నందిగామలో తిరుపతిరావు అనే వకీలు దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విని కళ్ళజోడు తీశాడు. "పిల్ల మేజరమ్మా. బలవంతంగా ఉంచారనటానికి ముందు ఆ అమ్మాయి నోటి మాట కావాలి. ఉందా?"

"ఉండేదండి. నేనే తీసేసా."

చట్టం 'ఇష్టం' అనే మాట దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆ ఇష్టాన్ని ఎవరు, ఏ పుటలు తిప్పి తయారుచేశారో అడిగే గడి ఏ దరఖాస్తులోనూ ఉండదు.

మర్నాడు బెన్ని ఎదుట నిలబడింది. "అయ్యగారూ, నేను చదివింది తప్పండి. విడిపించే దారి వాక్యంలోనే ఉందండి."

"ముప్పై అయిదేళ్ళు చదివిందీ తప్పేనా బైబిలమ్మగారూ? అయితే ఆ ఇళ్ళన్నిటికీ మళ్ళీ తిరిగి చెప్పి రండి. చెప్పులు అరిగితే కొత్తవి సంఘమే కొనిపెడుతుంది," అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఫ్రాన్సిస్ కాళ్ళకేసి చూసుకుంటూ ఒక్క మాటే అన్నాడు: "ఇప్పుడా అండి చెప్పేది?"

తర్వాతి గురువారం జీవరత్నం బట్టల సంచీతో వచ్చింది. కారియర్‌ను గడప దగ్గర పెట్టకుండా లోపలికి తీసుకెళ్ళింది. వంటపాక నుంచి, కారియర్ వంతుల ఆడవాళ్ళలో ఒకతైన కృపావతి పరుగున వచ్చి, ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించింది.

"బయటికి రా అత్తా. నిన్ను కూడా ప్రభువు బల్లకి దూరం చేసి వెలేస్తారు. జీతం ఆపేస్తారు. ఈ వయసులో నీకెవరున్నారు?"

"దూరం చెయ్యనీయ్. నువ్వెళ్ళి చెప్పు."

జీవరత్నం ముందు వరుసలో ఒక కుర్చీలో కూర్చుంది. జాయిస్ ఆమెను గుర్తుపట్టిందో, వరుసలో ఒక కుర్చీకి మనిషి వచ్చిందని మాత్రమే అనుకుందో తెలియలేదు. జీవరత్నం తాను ఇన్నేళ్ళు దాటవేసిన అధ్యాయం తెరిచి, విడుదల నియమాలను మొదటి నుంచి చివరి దాకా చదివింది. పూర్తయ్యాక ఏమీ అడగలేదు. పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివింది. ఏడు నెలల గడువుతో తనకు పనిలేదని, పిల్ల తన కాళ్ళతో తాను ఆ గడప దాటేవరకు, అది ఎన్నేళ్ళయినా, తన చావు ముందొచ్చినా, ఆ షెడ్డు విడిచి వెళ్ళకూడదని ఆ పూటే నిర్ణయించుకుంది.