బస్సు బోర్డుల వాచకం

పామర్రు దగ్గర ఒక హైస్కూల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఒక గది ఉంది. ఆ గదికి నన్ను టీచరుగా వేసిన రోజు నా సంచి నిండా చార్టులే. విజయవాడలో మా ఇంటి హాలంతా పరిచి, రెండు వారాలు కూర్చుని రంగులు వేశాను. 'అ' పక్కన అమ్మ, 'ఆ' పక్కన ఆవు. ట్రైనింగులో నేర్చుకున్నదంతా వాటిలో పెట్టానని నా నమ్మకం.

మొదటి రోజే ఒక పదేళ్ల అమ్మాయి ఆ చార్టు చూసి బల్ల కింద దూరింది. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. మాట్లాడితే ఒక్కో మాటే వచ్చేది. మేధో వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంది. వాళ్ల ఊరు విజయవాడ వెళ్లే రోడ్డు మీద. తల్లి రోజూ బస్సులో తీసుకొచ్చి మా గదిలో దించి, సెంటర్లో టిఫిన్ హోటల్లో పనికి వెళ్లేది. మూడు గంటలకు వచ్చి తీసుకెళ్లేది.

మూడు నెలలు ఆ పిల్లతో కుస్తీ పట్టాను. బల్ల కిందికి నేనూ దూరి 'అ' దిద్దించబోయాను. పలక నా ఒళ్లోకి తోసేసి, రిబ్బను నోట్లో పెట్టుకుని కూర్చునేది. ఫైల్లో 'ఆసక్తి లేదు' అని రాశాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒకరోజు తల్లి ఫోన్ చేసింది. "మేడమ్ గారూ, హోటల్లో పెళ్లి ఆర్డరొచ్చిందండీ, సాయంత్రం దాకా వదలరు. మీరు వెళ్లే దారే గదా, పిల్లని మా ఊళ్లో దింపుతారా? స్టాపు కాడ మా అత్త ఉంటది."

సరేనన్నాను. రోజూ నేను తోటి టీచరు కారులో వెళ్లేదాన్ని. ఆ రోజు ఆవిడ సెలవు. పిల్ల చెయ్యి పట్టుకుని సెంటర్‌కి వెళ్లేసరికి ఒక బస్సు కదలబోతోంది. జనం ఎక్కేస్తున్నారు. నేనూ పరిగెత్తాను.

"కాదు!" అంది పిల్ల.

"రామ్మా, ఎక్కు."

"కాదు! కాదు!" వెనక్కి లాగుతోంది. పేచీ మొదలుపెట్టిందనుకున్నాను. బుజ్జగించి, కాస్త బలవంతంగానే ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చోబెడితే ఒక్కసారిగా శాంతించి నవ్వుకుంటూ బయటికి చూడసాగింది. నా ఓర్పును నేనే మెచ్చుకున్నాను.

కండక్టరమ్మ వచ్చింది. పిల్ల వాళ్ల ఊరి పేరు చెప్పాను. "అయ్యో, ఇది గుడివాడ బస్సండీ! బోర్డు చూసుకోలేదా?" అంది.

"గుడివాడ," అంది నా పక్కనున్న పిల్ల, చాలా తాపీగా.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వక తప్పలేదు. తర్వాతి స్టాపులో దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి మళ్లీ సెంటర్‌కి చేరాం. అక్కడ నేను నోరు మూసుకుని నిలబడ్డాను. రెండు బస్సులు వచ్చి పోయాయి. మూడోది మలుపు తిరగ్గానే పిల్ల నా చెయ్యి లాగింది. "విజయవాడ." బుద్ధిగా ఆమె వెనకాల ఎక్కాను.

మర్నాడు తల్లిని అడిగాను. "పిల్లకి బోర్డులు చదవడం వచ్చని చెప్పలేదేమ్మా?"

ఆవిడ తెల్లబోయింది. "అదీ చదువేనాండీ? హోటల్ ముందు కూకోబెట్టేదాన్ని చిన్నప్పుడు. జనం బోర్డులు చదువుకుంటుంటే విని నేర్చుకుంది. నాకు అక్షరమ్ముక్క రాదు, ఏ బస్సెక్కాలో అదే చెప్పిద్ది. ఊళ్లో అందరూ బుర్ర లేని పిల్లంటారు. నేనేమో దాని బుర్రతోనే తిరుగుతున్నానండీ."

ఆ పూట చార్టులు చుట్టి బీరువా మీద పడేశాను. పలక మీద 'గుడివాడ' అని రాసి బల్ల మీద పెట్టాను. పిల్ల కింది నుంచి తల బయటపెట్టి "గుడివాడ" అంది. చివరి రెండు అక్షరాలూ చెరిపేశాను. పలకను చాలాసేపు చూసింది. ముఖం ముడుచుకుంది.

"వాడ ఏదీ?"

వెంటనే పక్కన 'విజయవాడ' అని రాశాను. ఆ పిల్ల బల్ల కింద నుంచి పూర్తిగా బయటికొచ్చి, అందులోని 'వాడ' మీద వేలు పెట్టింది. "ఇదిగో."

అంతే, మాకు వాచకం దొరికింది. అట్టముక్కల మీద ఊళ్ల పేర్లు రాసుకున్నాం. ఉయ్యూరు, ఏలూరు, నూజివీడు. ఏ అక్షరం ఏ ఊళ్లో ఉందో వెతకడమే పాఠం. ఒకసారి హెడ్మాస్టరుగారు వచ్చి ఆ అట్టలు చూసి కళ్లజోడు సర్దుకున్నారు.

"సిలబస్‌లో బస్సులెక్కడున్నాయండీ?"

నేను జవాబు చెప్పేలోపే పిల్ల ఆయన ముందుకెళ్లింది. "ఎక్కడికి?"

ఆయన సరదాకి "బందరు" అన్నారు. మా అట్టల్లో ఎక్కడా 'బందరు' లేదు. అయినా పిల్ల అట్టలన్నీ తిరగేసి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. 'మచిలీపట్నం.' బస్సు బోర్డుల మీద బందరుకి ఉండే పేరు అదే. ఆయన ఆ అట్టను, పిల్లను మార్చి మార్చి చూసి, "నాకు సీటు కూడా ఉంచమ్మా," అని నవ్వుతూ వెళ్లిపోయారు. సిలబస్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా గదికి కొత్త పిల్ల వస్తే నేను సర్టిఫికెట్ ముందుగా చూడను. ఏం రాదో అందులో వివరంగా ఉంటుంది, తర్వాత చదువుకోవచ్చు. ముందు తల్లికి కుర్చీ వేసి, ఇంట్లో పిల్ల ఏం చేస్తుంది, దేనికి నవ్వుతుంది, ఏ పనికి మీరు తనని పిలుస్తారు అని అడుగుతాను. "ఏం చెయ్యదండీ" అనే మొదలుపెడతారు. ఒక గ్లాసు టీ అయ్యేసరికి ఏదో ఒకటి బయటికొస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టడమే నాకు తెలిసిన విద్య. ఒక్కోసారి ఆ దారీ మూసుకుపోతుంది. మళ్లీ వెతుకుతాను.

ఆ అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్లు. చిన్న చిన్న కథలు కూడబలుక్కుని చదువుతుంది. లెక్కలు ఇప్పటికీ ఒంటపట్టలేదు. గడియారం చూడటం సగమే వచ్చింది. బడికి మాత్రం ఒక్కతే బస్సులో వస్తుంది. సాయంత్రాలు ఇంట్లో తల్లిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తోందట. "తప్పు రాస్తే పలక లాక్కుంటదండీ, ఎక్కడ నేర్చిందో!" అని తల్లి నాకే ఫిర్యాదు చేసింది. ఆ అలవాటు నాదే. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

పోయిన వారం తల్లిదండ్రుల సమావేశంలో ఆవిడ వేలిముద్ర డబ్బా పక్కకు జరిపి పెన్ను అడిగింది. కొంగుతో చెమట తుడుచుకుంటూ, నిదానంగా తన పేరు రాసింది. కూతురు భుజం మీదుగా వంగి చూసి, చివరి అక్షరం మీద వేలు పెట్టింది.

"తలకట్టు."

"అబ్బ, ఉండవే," అని తల్లి మళ్లీ పెన్ను తీసుకుంది.