లెక్కలోకి రాని చెయ్యి

స్విట్జర్లాండ్‌లో కొన్నిచోట్ల జనం మైదానంలో చేరి, చేతులెత్తి చట్టాలు చేసుకుంటారని మా ఊరి గ్రంథాలయంలో ఒక పుస్తకంలో చదివి మురిసిపోయినవాణ్ణి నేను. ఖతార్‌లో స్విస్ వాళ్ళ దగ్గర ఉద్యోగం దొరికాక ఆ ముచ్చట కళ్ళారా చూశాను.

రాస్ లఫాన్‌లోని గ్యాస్ ప్లాంటు సైటుకు మా స్టాఫ్ బస్సు దోహాలోని అల్ మన్సూరా నుంచి ఉదయం ఐదింటికి బయలుదేరేది. సాయంత్రం పెందలాడే వచ్చి ఈత కొట్టుకోవచ్చని, నాలుగింటికే వెళదామన్నారు స్విస్ ఇంజనీర్లు. మా స్విస్ మేనేజర్ బస్సులోనే ఓటింగ్ పెట్టాడు. వద్దని నేనూ, జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవర్ మల్లన్నా చేతులెత్తాం. మేనేజర్ మల్లన్నను చూసి, "నువ్వు కాంట్రాక్టర్ మనిషివి, నీకు ఓటు లేదు" అని మర్యాదగా నవ్వాడు.

ఆ మాట నేను మల్లన్నకు తెలుగులో చెప్పాను.

"ఇప్పుడే మూడింటికి లేస్తున్న అన్నా. ఇగ రెండింటికి లేచి తోలాలంటే నిద్ర ఆగుతదా?" అన్నాడు మల్లన్న. "సర్పంచ్ ఎలక్షన్ల నా ఓటుకు ఇంటిచుట్టూ తిరుగుతరు. ఈడ తోలేది నేను, ఓటు కూసునేటోళ్ళకా?"

అది ఇంగ్లీషులో చెబితే, ఎజెండాలో లేదన్నాడు మేనేజర్. నాలుగింటికే అని తేలిపోయింది. ఆడవాళ్ళకు ఓటివ్వడానికి స్విస్ వాళ్ళు ఎంతకాలం గింజుకున్నారో కూడా ఆ పుస్తకంలో ఉంది. అప్పట్లో నమ్మలేదు.

మర్నాడు నాలుగింటికి మల్లన్న ఎర్రబడ్డ కళ్ళతో స్టీరింగ్ పట్టుకున్నాడు. మేనేజర్ మాత్రం భద్రత ముఖ్యమంటూ మా అందరి సీటు బెల్టులూ వరసగా లాగి చూశాడు.